విద్వేష ప్రసంగాల చట్టాలు: అపోహలు - వాస్తవాలు

భావప్రకటన స్వేచ్ఛ, విద్వేష ప్రసంగాల కేసులు వాదించే లాయర్‌ని నేను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోగానే అడిగేది ఒకటే, "అంత మాట అన్నాడు, కేసు నిలబడుతుందా?" అని. అన్న మాట ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరు. ఎందుకో చెబుతా.

అపోహ: మనసు నొప్పిస్తే అది విద్వేష ప్రసంగమే.

నొప్పి నిజమే, కాదనను. కానీ నొప్పించే, కలవరపెట్టే మాటలకు కూడా రక్షణ ఉంటుందని ఐరోపా మానవ హక్కుల కోర్టు 1976లోనే హ్యాండీసైడ్ కేసులో తేల్చింది. ఐక్యరాజ్యసమితి పౌర, రాజకీయ హక్కుల ఒప్పందంలోని 20వ అధికరణం నిషేధించమన్నది జాతి, మతం లాంటివి పట్టుకుని ఒక వర్గం మీద వివక్షకో, శత్రుత్వానికో, హింసకో జనాన్ని రెచ్చగొట్టడాన్ని. రెచ్చగొట్టడం అంటే ఏమిటో తేల్చడానికి ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో నిపుణులు తయారుచేసిన 2012 నాటి రబాత్ కార్యాచరణ ప్రణాళిక ఆరు విషయాలు చూడమంటుంది: అప్పటి పరిస్థితి, మాట్లాడినవాడి స్థాయి, ఉద్దేశం, మాటలో ఏముంది, ఎంతమందికి చేరింది, హాని జరిగే అవకాశం ఎంత. ఏ కేసు ఫైలు తెరిచినా నేను ముందు ఈ ఆరూ రాసుకుంటాను. ఊళ్లో గొడవలు రగులుతున్న రోజున వేల మంది ముందు నాయకుడన్న మాటా, ఇంట్లో కోపంలో ఎవరో అన్న అదే మాటా ఒకటి కావు.

అపోహ: మాటలే కదా, ఎముకలు విరుగుతాయా?

ఆఫ్రికా దేశం రువాండాలో 1994 మారణహోమం రోజుల్లో ఆర్టీఎల్ఎం అనే రేడియో టుట్సీ తెగవాళ్లను బొద్దింకలని పిలిచింది, చంపాల్సినవాళ్ల పేర్లు కూడా చదివింది. ఆ రేడియో వెనకున్నవాళ్లను 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ దోషులుగా తేల్చింది. అప్పీలులో శిక్షలు కొంత తగ్గాయి గానీ వాళ్లు జైలు తప్పించుకోలేదు. మనుషుల్ని పురుగులని పిలవడం మొదలైందంటే నాకు భయమేస్తుంది, ఎందుకంటే ఆ తర్వాత చంపడం తప్పనిపించదు.

అపోహ: అమెరికాలో ఏమైనా అనొచ్చు.

అక్కడ పరిధి చాలా పెద్దదే. అయినా నిజమైన బెదిరింపులకు రక్షణ లేదు. అక్కడి సుప్రీంకోర్టు 1969లో ఇచ్చిన బ్రాండెన్‌బర్గ్ తీర్పు ప్రకారం, వెంటనే చట్టవిరుద్ధమైన పనికి దిగేలా పురికొల్పుతూ, అలా జరిగే అవకాశం కూడా ఉన్న మాటలకూ లేదు.

అపోహ: చట్టం ఎంత కఠినంగా, ఎంత విస్తృతంగా ఉంటే అంత మంచిది.

నేను గట్టిగా వ్యతిరేకించేది దీన్నే. భారత ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ కింద ఆన్‌లైన్ సందేశాలతో "చిరాకు", "అసౌకర్యం" కలిగించడం కూడా నేరంగా ఉండేది. ఎవరికి చిరాకు, ఎంత చిరాకు? చెప్పేవాళ్లు లేరు, అరెస్టులు మాత్రం జరిగాయి. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేస్తూ చర్చ, సమర్థన, రెచ్చగొట్టడం వేర్వేరని, మూడోదాని దగ్గరే ఆంక్షలు మొదలవుతాయని చెప్పింది. అర్థం తేలని పదం చట్టంలో ఉంటే దాన్ని ముందు వాడుకునేది బలమున్నవాడే.

అపోహ: క్లిప్ ఉంది, ఇంకేం సాక్ష్యం కావాలి?

డెన్మార్క్‌లో ఒక టీవీ జర్నలిస్టు జాత్యహంకార యువకుల్ని ఇంటర్వ్యూ చేస్తే, వాళ్లతో పాటు అతనికీ శిక్ష పడింది. 1994లో జెర్సిల్డ్ కేసులో ఐరోపా కోర్టు అతని శిక్ష తప్పంది, ఆ యువకుల మాటలకు మాత్రం రక్షణ లేదంది. మాటలు అవే, కానీ వాటిని అతను సమర్థించడానికి చూపించలేదు, సమాజంలో ఏం జరుగుతోందో చెప్పడానికి చూపించాడు. అందుకే నా దగ్గరికి వచ్చేటప్పుడు ముప్పై సెకన్ల ముక్క కాకుండా మొత్తం రికార్డింగు, తేదీ, చోటు, ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో కూడా తీసుకురండి.