లినక్స్‌లో డిస్‌ప్లే కాన్ఫిగరేషన్ ఫైళ్లు: అపోహలు - వాస్తవాలు

లినక్స్ డెస్క్‌టాప్‌లు చూసుకోవడం నా రోజువారీ పని. "స్క్రీన్ నల్లగా అయిపోయింది" అంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది, ఎక్కడో దొరికిన ఫైల్‌ను చదవకుండానే తమ సిస్టమ్‌లో పెట్టేసినవాళ్లే. అందులో ఏ లైను ఏం చేస్తుందో తెలిస్తే ఈ టెన్షన్ ఉండదు.

అపోహ: ఎక్స్‌ఆర్గ్.కాన్ఫ్ (డిస్‌ప్లే సెట్టింగ్‌లు రాసుకునే ఫైల్) లేకపోతే డిస్‌ప్లే సరిగ్గా రాదు.

వాస్తవం: ఒకప్పుడు నిజమే. గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ ఫ్రీక్వెన్సీలు అన్నీ చేత్తో రాయాల్సి వచ్చేది. ఇప్పుడు మానిటరే తన వివరాలు తాను చెబుతుంది. ఈడీఐడీ అనే ఆ సమాచారంలో మొదటి 128 బైట్లలోనే తయారీదారు కోడ్, మోడల్, తెర కొలత, ఇష్టపడే రిజల్యూషన్ ఉంటాయి. కాబట్టి మీ సిస్టమ్‌లో ఆ ఫైల్ కనిపించకపోతే కంగారు పడకండి, చాలా సిస్టమ్‌లలో అది ఉండదు.

అపోహ: ఒక సెట్టింగ్ మార్చాలన్నా ఫైల్ మొత్తం రాయాలి.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. కావలసిన సెక్షన్ ఒక్కటి రాస్తే చాలు, మిగతాది తెరపై అన్నీ చూపించే ప్రోగ్రామ్ అయిన ఎక్స్ సర్వర్ చూసుకుంటుంది. ఉదాహరణకు మానిటర్‌ను నిలువుగా తిప్పి పెట్టారనుకోండి. మానిటర్ సెక్షన్ మొదలు, ఎక్స్‌రాండర్ కమాండ్ చూపించే అవుట్‌పుట్ (మానిటర్ తగిలించిన పోర్ట్) పేరుతో ఐడెంటిఫయర్, రొటేట్ ఆప్షన్, సెక్షన్ ముగింపు: నాలుగే లైన్లు. దాన్ని ఎక్స్‌ఆర్గ్.కాన్ఫ్.డి ఫోల్డర్‌లో, .కాన్ఫ్‌తో ముగిసే పేరుతో పెట్టాలి.

పూర్తి ఫైల్ రాసి పెట్టుకున్నవాళ్లకు గ్రాఫిక్స్ కార్డు మార్చిన రోజున చిక్కొస్తుంది. అందులో పాత కార్డు డ్రైవర్ పేరు అలాగే ఉంటుంది. సర్వర్ ఆ మాటే పట్టుకుని, డ్రైవర్ పనిచేయక, స్క్రీన్లు ఏవీ దొరకలేదని ఆగిపోతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెక్స్ట్ లాగిన్‌లోకి వెళ్లండి. ఫైల్‌ను డిలీట్ చేయకుండా పేరు మాత్రం మార్చి రీస్టార్ట్ చేయండి. చాలాసార్లు అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

అపోహ: మోడ్‌లైన్ (రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు అంకెలుండే లైను) తప్పు రాస్తే మానిటర్ కాలిపోతుంది.

వాస్తవం: పాత సీఆర్‌టీ మానిటర్ల కాలంలో ఆ ప్రమాదం ఉండేది. ఇప్పటి ఎల్‌సీడీ సాధారణంగా "పరిధి దాటింది" అని చూపించి ఊరుకుంటుంది. అయినా ఆ అంకెలు అర్థం చేసుకోవడం మంచిది. వెడల్పు 1920, ఎత్తు 1080, రిఫ్రెష్ రేటు 60 ఇచ్చి, మోడ్‌లైన్ లెక్కగట్టే సీవీటీ కమాండ్ నడిపితే మొదట 173.00 వస్తుంది. అది పిక్సెల్ క్లాక్, అంటే సెకనుకు పంపే పిక్సెళ్ల లెక్క, మెగాహెర్ట్జ్‌లలో. అడ్డం అంకెల్లో చివరిది 2576, నిలువు అంకెల్లో చివరిది 1120. ఇవి కనిపించని ఖాళీతో సహా మొత్తం కొలతలు. 17.3 కోట్లను ఈ రెండింటి లబ్ధంతో భాగిస్తే సుమారు 59.96 హెర్ట్జ్, అదే రిఫ్రెష్ రేటు. సెట్టింగ్స్‌లో 60కి బదులు 59.96 ఎందుకు కనిపిస్తుందో ఈ లెక్క చూస్తే తెలిసిపోతుంది.

అపోహ: ఎక్స్‌కు బదులు వాడే కొత్త డిస్‌ప్లే వ్యవస్థ వేలాండ్‌లోనూ ఎక్స్‌ఆర్గ్.కాన్ఫ్ పనిచేస్తుంది.

వాస్తవం: పనిచేయదు. వేలాండ్‌లో డిస్‌ప్లే బాధ్యత కంపోజిటర్‌ది, అంటే విండోలన్నీ కలిపి తెరపై చూపించే ప్రోగ్రామ్‌ది. మార్చే ముందు మీ సెషన్ ఎక్స్‌దో వేలాండ్‌దో చూసుకోండి.

అపోహ: గ్నోమ్ డెస్క్‌టాప్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌ను తనంతట తానే మర్చిపోతుంది.

వాస్తవం: మర్చిపోదు. హోమ్‌లోని .కాన్ఫిగ్ ఫోల్డర్‌లో మానిటర్స్.ఎక్స్‌ఎంఎల్ తెరిచి చూడండి. ఒక్కో మానిటర్ కలయికకు ఒక్కో బ్లాక్ ఉంటుంది. మానిటర్ కంపెనీ, మోడల్, సీరియల్‌తో పాటు కనెక్టర్ పేరు కూడా అందులో ఉంటుంది. కేబుల్‌ను వేరే పోర్ట్‌కు మారిస్తే అది గ్నోమ్‌కు కొత్త కలయికే, అందుకే స్కేల్, అమరిక మళ్లీ మొదటికొస్తాయి. లాగిన్ స్క్రీన్ వేరే యూజర్ కింద నడుస్తుంది కాబట్టి మీ ఫైల్‌ను చూడదు.

అపోహ: లాగ్ ఫైల్ నిపుణులకే అర్థమవుతుంది.

వాస్తవం: ఎక్స్‌ఆర్గ్ లాగ్‌లో లైన్ల ముందుండే గుర్తులు చూస్తే చాలు. బ్రాకెట్లలో రెండు నక్షత్రాలుంటే ఆ విలువ మీ ఫైల్ నుంచి వచ్చింది. రెండు సమాన గుర్తులుంటే డిఫాల్ట్, రెండు గీతలుంటే హార్డ్‌వేర్‌ను అడిగి తెలుసుకున్నది, ఇంగ్లిష్ అక్షరం "ఈ" రెండుసార్లు ఉంటే ఎర్రర్. మీరు రాసిన సెట్టింగ్‌కు నక్షత్రాల లైను ఒక్కటీ లేకపోతే, ముందుగా ఫైల్ ఉన్న చోటు, పేరు, ఐడెంటిఫయర్ సరిచూడండి.