తెప్పన్‌యాకి పెనం మీద నీటి పెత్తనం

తెప్పన్‌యాకి అంటే ఇనప పలక మీద కాల్చి వడ్డించే జపాన్ వంట. ఆ రెస్టారెంట్లో భోజనం బల్ల, పొయ్యి రెండూ ఒకటే. మధ్యలో వెడల్పాటి ఇనప పెనం, దాని అంచు చుట్టూ మనం, ఎదురుగా వంటమాస్టారు. 1945లో జపాన్‌లోని కోబె నగరంలో మొదలైన మిసోనో అనే రెస్టారెంటు, ఈ పద్ధతి తమ దగ్గరే పుట్టిందని చెప్పుకుంటుంది. గరిటెలు గాల్లోకి ఎగరేసి మంటలు లేపే హడావుడి మాత్రం, 1964లో రాకీ అయోకి న్యూయార్క్‌లో తెరిచిన బెనిహానాతో ఊపందుకుంది. చూసేవాళ్ళ కళ్ళు మంట మీదే ఉంటాయి కానీ, ఆ పెనం మీద అసలు పెత్తనం నీటిది.

మామూలు పచ్చి మాంసం బరువులో సగానికి పైగా నీళ్ళే. పైన తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు. మాంసానికి ఎర్రటి రంగు, ఘుమఘుమ తెచ్చే మెయ్యార్ చర్య జోరందుకోవాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి. ఫ్రెంచి రసాయనవేత్త లూయీ కమీయ్ మెయ్యార్ 1912లో దీన్ని వివరించాడు. అంటే ముందు తడి పోవాలి. అది అంత తేలికగా పోదు. గ్రాము నీటిని 20 డిగ్రీల నుంచి 100కి తేవడానికి 335 జౌల్స్ వేడి చాలు. ఆ మరిగే నీటిని ఆవిరి చెయ్యడానికి ఇంకో 2,257 కావాలి!

పలచటి పెనమైతే ఆ దెబ్బకి చల్లబడిపోతుంది, మాంసం వేగకుండా తన నీళ్ళలో తనే ఉడుకుతుంది. తెప్పన్ పలకని అంత మందంగా చేసేది ఇందుకే. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న ఉక్కు పలక 78 కిలోలు తూగుతుంది. అందులో నిలవున్న వేడిలో ఒక స్టేక్ ముక్క లాక్కునేది ఏపాటి? పైగా రాగితో పోలిస్తే ఉక్కులో వేడి చాలా నిదానంగా పాకుతుంది. బర్నర్ పైన భగభగ, అంచుల దగ్గర వేడి తక్కువ. మాస్టారు ఒక పక్క మాంసం కాలుస్తూ ఇంకో పక్క కూరముక్కలు మాడకుండా ఉంచేది ఈ తేడాతోనే.

వేడి మరీ మితిమీరితే నీళ్ళు ఇంకో వేషం వేస్తాయి. మన దోసె మాస్టారు పెనం మీద నీళ్ళు చిలకరించినప్పుడు చుక్కలు చుయ్‌మని ఇగరకుండా గుండ్రంగా దొర్లాయంటే, అదే సంగతి. దాదాపు 200 డిగ్రీల దగ్గర చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి, దాన్ని పెనానికి తగలనివ్వదు. జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ 1756లోనే దీని గురించి రాశాడు. ఎర్రగా కాల్చిన ఇనప గరిటెలో నీటి చుక్క వేసి చూశాడాయన.

ఇక పిల్లలు కేరింతలు కొట్టే ఉల్లిపాయ అగ్నిపర్వతం. ఉల్లి చక్రాలని గోపురంలా పేర్చి, మధ్యలో నూనె, కాస్త మద్యం పోసి అంటిస్తారు. మంట తగ్గాక నీళ్ళు పోస్తే తెల్లగా పైకి చిమ్మేది పొగ కాదు. ఆవిరి కంటికి కనపడదు కాబట్టి, నిజానికి అది చల్లబడి మళ్ళీ చుక్కలైన నీరే. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది. ఇంట్లో మండుతున్న నూనె మీద నీళ్ళు పోయకూడదనేది ఇందుకే: ఆ ఉబ్బు నూనెని తుంపరలుగా ఎగరేస్తుంది, తుంపరలన్నీ ఒక్కసారిగా అంటుకుంటాయి.

నన్నడిగితే ఈ గారడీ అంతటికన్నా చివర్లో వచ్చే వెల్లుల్లి అన్నమే గొప్పది. దాన్ని వేయించేది మాంసం కొవ్వులో. వాగ్యు అనే జపాన్ గొడ్డుమాంసం కొవ్వులో ఒలీయిక్ ఆమ్లం ఎక్కువ. అది విడిగా అయితే 14 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, అదే కొవ్వులోని మరో ఆమ్లం స్టియరిక్‌కి 69 కావాలి. అందుకే ఆ కొవ్వు తక్కువ వేడికే కరిగి మెతుకు మెతుకుకీ పడుతుంది. అన్నం మాత్రం ముందే వండి చల్లార్చినదై ఉండాలి. అప్పుడే దించిన అన్నమైతే పైతడి పోదు, ముద్ద కడుతుంది.