ఇంప్లాంటుకూ ఓ వయసుంటుంది

1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో టిమ్మీ జీన్ లిండ్సే రొమ్ము మీది పచ్చబొట్లు తీయించుకుందామని ఆసుపత్రికి వెళ్లింది. సిలికాన్ సంచులు పెట్టించుకుంటావా అని డాక్టర్లు అడిగారు. ఆమె మనసంతా చెవుల మీద ఉంది, అవి ముందుకు పొడుచుకొచ్చాయని బాధ. చెవులు కూడా సరిచేస్తామంటే సరేనంది. థామస్ క్రోనిన్, ఫ్రాంక్ గెరో అలా మొట్టమొదటి సిలికాన్ రొమ్ము ఇంప్లాంటు పెట్టారు. ఇరవై ఏళ్లకు ఏమవుతుందో ఆ రోజు ఎవరికీ తెలియదు.

ఈ ఆపరేషన్‌లో లాభనష్టాలు తూచడం కష్టమయ్యేది ఇక్కడే. లాభం వారాల్లో అద్దంలో కనబడుతుంది, నష్టం ఏళ్ల తర్వాత రావచ్చు. బయటి వస్తువు ఏది చేరినా శరీరం దాని చుట్టూ మచ్చలాంటి పొర అల్లుతుంది. కొందరిలో అది బిగుసుకుని రొమ్ము గట్టిపడుతుంది, నొప్పి పెడుతుంది. సంచి చిరిగినా, లోపలి జెల్ చిక్కగా ఉండటంతో పైకి తెలియకపోవచ్చు. అందుకే పెట్టించుకున్న 5, 6 ఏళ్లకు ఒకసారి, ఆ తర్వాత 2, 3 ఏళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ తీయించుకోమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది.

కీళ్లజబ్బుల్లాంటివి వస్తాయన్న భయంతో 1992లో అదే సంస్థ అందం కోసం సిలికాన్ జెల్ వాడకాన్ని ఆపింది. ఆ సంబంధానికి ఆధారం దొరకలేదని 1999లో నిపుణుల సంఘం తేల్చింది, 2006లో మళ్లీ అనుమతి వచ్చింది. అసలు ముప్పు ఎవరూ అనుకోని చోట బయటపడింది: ఇంప్లాంటు చుట్టూ ఉండే పొరలో వచ్చే ఒక అరుదైన లింఫోమా, అంటే రోగనిరోధక కణాల్లో పుట్టే క్యాన్సర్. గరుకు ఉపరితలం ఉన్నవాటితో అది ఎక్కువని తేలి, 2019లో ఒక రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు.

రొమ్ము తగ్గించే ఆపరేషన్‌ను దీనితో ఒకే గాటన కట్టకూడదు. మెడనొప్పి, భుజాల్లో బ్రా పట్టీల గాడులు, రొమ్ము కింద ఒరుసుకుపోయిన చర్మం... ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఏళ్ల తరబడి ఓర్చుకునే ఆడవాళ్లకు అది నిజమైన ఉపశమనం. మచ్చలు మిగులుతాయి, చనుమొన స్పర్శ తగ్గవచ్చు, పాలివ్వడం కష్టం కావచ్చు. పిల్లల్ని కనాలనుకునేవాళ్లు ఆ మాట ముందే అడగాలి. కానీ లోపల కాపలా కాయాల్సిన వస్తువేదీ ఉండదు. అత్యవసరం కాదంటే అనవసరమని కాదు, తేదీ మనం ఎంచుకోవచ్చని.

2021 నుంచి అమెరికాలో ఇంప్లాంటు పెట్టేముందు డాక్టరు పెట్టించుకునే మహిళతో కూర్చుని ముప్పుల జాబితా ఒకటి చదివించి సంతకం తీసుకోవాలి. ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావని అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. అంటే, రెండో ఆపరేషన్ ఖర్చెంతో మొదటిదానికి ముందే అడగాలి.