తెలగపిండి ఎరిగిన ఇళ్లకు మీల్‌మేకర్ ఎలా వచ్చింది?

బెజవాడ మెస్సుల్లో కుర్మాలోనైనా బిర్యానీలోనైనా మీల్‌మేకర్ మామూలైపోయింది. దాని చుట్టూ రెండు మాటలు మాత్రం తెగడం లేదు. మాంసంతో సమానమని కొందరంటే, మగపిల్లలకు పెడితే హార్మోన్లు దెబ్బతింటాయని ఇంకొందరంటారు. ఈ మాటల లెక్క తేలాలంటే మీల్‌మేకర్‌కు మూలమైన సోయా గింజ వచ్చిన దారి చూడాలి.

సోయా పుట్టిల్లు చైనా. మన దేశంలోనూ నాగాలాండ్‌లో అఖూని, సిక్కింలో కినెమా పేరుతో పులియబెట్టి తినడం పాత అలవాటే. 1935లో గాంధీజీ వార్ధాలోని మగన్‌వాడిలో సోయా వండించి చూసి, హరిజన్ పత్రికలో రాశారు. పంటగా నిలదొక్కుకున్నది మాత్రం 1960ల తర్వాతే. పంత్‌నగర్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంతో కలిసి పసుపు గింజ రకాలు పరీక్షించాయి. మధ్యప్రదేశ్‌లోని మాళ్వా నల్లరేగళ్లలో ఖరీఫ్‌కు బీడు పెట్టే పొలాలు దానికి దొరికాయి. కృష్ణా డెల్టాలో ఆ చోటు లేదు. ఇక్కడ ఖరీఫ్‌లో వరి, కోతకు ముందే చేలో చల్లే మినుము. అందుకే సోయా మనకు ప్యాకెట్‌గా వచ్చింది.

గింజలో సుమారు 40 శాతం ప్రోటీన్, 20 శాతం నూనె. ద్రావకంతో నూనె లాగే సాల్వెంట్ ప్లాంట్లలో నూనె తీశాక మిగిలిన పిండిని తడిపి, వేడి మీద, ఒత్తిడితో రంధ్రాల్లోంచి నెడతారు. బయటపడగానే లోపలి నీరు ఆవిరై ఉండ స్పాంజిలా పొంగుతుంది. అదే మీల్‌మేకర్. నువ్వుల నూనె ఆడాక మిగిలిన తెలగపిండిని బాలింతలకు కూర చేసి పెట్టే గుంటూరు ఇళ్లకు ఇది అర్థంకాని సంగతి కాదు.

నూనె పోవడంవల్లే ఎండు ఉండల్లో ప్రోటీన్ సగం దాకా ఉంటుంది: 50 గ్రాములకు సుమారు 25 గ్రాములు. నానితే బరువు మూడింతలవుతుంది కనుక, ఉడికిన కూర తూచి ప్యాకెట్ మీద అంకె వేసుకుంటే లెక్క తప్పుతుంది. పైగా మాంసంలో దొరికే బి12 ఇందులో లేదు.

ఆరోగ్యం సంగతికొస్తే, రోజుకు 25 గ్రాముల సోయా ప్రోటీన్ గుండెకు మంచిదని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి 1999లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతించింది. ఆధారాలు నిలకడగా లేవంటూ 2017లో ఆ అనుమతి వెనక్కి తీసుకోవాలని అదే ప్రతిపాదించింది. చెడు కొలెస్ట్రాల్ తగ్గుదల నిజమే, కానీ కొద్దిగానే. ఇక హార్మోన్ల భయానికి కారణం సోయాలో ఉండే ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు. వాటి ఆకారం ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ను పోలినా పనితనం చాలా బలహీనం. మగవారిపై జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తగ్గలేదు. పిల్లల కంచంలోంచి చవకైన ప్రోటీన్‌ను ఈ భయంతో తీసేయడం అన్యాయం.

అసలు తప్పులు జరిగేది పొయ్యి దగ్గర. మీల్‌మేకర్‌ను ఉప్పునీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, చన్నీళ్లలో వేసి రెండు మూడుసార్లు గట్టిగా పిండాలి. పిండకపోతే వాసన పోదు, మసాలా లోపలికి దిగదు. సోయా పాలు తీసేవారు గింజలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మరిగే నీళ్లతో రుబ్బాలి. చన్నీళ్లతో రుబ్బితే గింజలోని ఎంజైము నూనెతో కలిసి పచ్చివాసన పుట్టిస్తుంది. గిన్నెలో నురగ పైకి లేవగానే మరిగిందనుకుని దించేస్తారు. అది మరుగు కాదు. సన్నసెగ మీద కలుపుతూ ఇంకో 15 నిమిషాలు ఉంచాలి. లేకుంటే ప్రోటీన్ అరగకుండా అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకం మిగిలి కడుపు ఉబ్బరిస్తుంది.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మాత్రకూ సోయాకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉంచాలి. సోయా పడనివారికి దద్దుర్లు, వాంతులు వస్తాయి. వారు పూర్తిగా మానడమే మంచిది.