సేవ కోసం సైకిల్ జట్టు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు, అనంతగిరి గుట్టల దాకా సేవా నిధుల కోసం సైకిల్ జట్లను తీసుకెళ్తుంటాను. కొత్తగా చేరేవాళ్లు ప్రతిసారీ దాదాపు ఇవే మాటలతో వస్తారు.

అపోహ: లక్ష రూపాయల సైకిల్ ఉండాలి.

గేర్లున్న మామూలు సైకిల్ చాలు. బ్రేకులు గట్టిగా పట్టాలి, టైరు పక్కన రాసి ఉన్నంత గాలి ఉండాలి. హెల్మెట్ లేనివాళ్లను మాత్రం నేను బయల్దేరనివ్వను.

అపోహ: ముందు దూసుకెళ్లేవాళ్లే జట్టుకు బలం.

గంటకు 30 కి.మీ. వేగంలో మన శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. ముందువాళ్ల గాలిచాటున తొక్కితే ఆ భారం బాగా తగ్గుతుంది. అందుకే బలమున్నవాళ్లు వంతులవారీగా ముందుండి గాలికి అడ్డు నిలవాలి, అలసినవాళ్లు వెనక చాటున ఉండాలి. ముందున్నవాళ్లు గుంత కనబడగానే చేత్తో చూపించి, అరిచి చెప్పాలి. వెనకున్నవాళ్లకు రోడ్డు కనబడదు, ముందు చక్రమే కనబడుతుంది.

ఒకసారి గుట్ట ఎక్కేటప్పుడు ఇద్దరు కుర్రాళ్లు హుషారుగా ముందుకెళ్లిపోయారు. జట్టు తెగిపోయింది. చివర మిగిలిన ఒకావిడ ఎదురుగాలిలో ఒంటరిగా తొక్కి తొక్కి, కాలి పిక్కలు పట్టేసి రోడ్డు పక్కన కూర్చుండిపోయారు. ఆమెకు తోడుగా ఎవరినీ ఉంచకపోవడం నా తప్పే. అప్పటినుంచి అందరికంటే అనుభవమున్నవాళ్లను చివర ఉంచుతున్నాను.

అపోహ: జట్టంటే అందరూ ఒకేసారి తొక్కాలి.

పోటీని బట్టి ఉంటుంది. అమెరికాను పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా దాటే ‘రేస్ అక్రాస్ అమెరికా’లో జట్లు రిలే పద్ధతిలో తొక్కుతాయి. ఒకరు రోడ్డు మీదుంటే మిగతావాళ్లు వాహనంలో విశ్రాంతి తీసుకుంటారు. 2015లో నాసిక్ డాక్టర్లు, అన్నదమ్ములు హితేంద్ర, మహేంద్ర మహాజన్ ఇద్దరే జట్టుగా ఆ సుమారు 4,800 కి.మీ. దూరాన్ని తొమ్మిది రోజుల్లోపే పూర్తి చేశారు. గిరిజనుల కంటిచూపు కోసం తొక్కారు వాళ్లు. నిధుల కోసం తొక్కే ప్రతి జట్టుకూ నేను వాళ్ల సంగతి చెబుతాను.

అపోహ: సీటు ఎంత మెత్తగా ఉంటే అంత సుఖం.

మరీ మెత్తటి సీటు దిగబడి, పిరుదుల ఎముకల మధ్య ఒత్తిడి పెంచుతుంది. ముందు ఎత్తు సరిచూసుకోండి: పెడల్ కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్ లోపల ఇంకేమీ వేసుకోకండి, లోపలి బట్టల కుట్లే ఒరిపిడికి కారణం.

అపోహ: ఓఆర్ఎస్ చిక్కగా కలిపితే త్వరగా బలం వస్తుంది.

చిక్కగా కలిపితే దాహం పెరుగుతుంది, కడుపు తిప్పుతుంది. పాకెట్ మీద రాసినన్ని నీళ్లే పోయాలి.

అపోహ: ఎంట్రీ ఫీజు కట్టాం కాబట్టి విరాళం ఇచ్చినట్టే, పన్ను మినహాయింపు వస్తుంది.

ఫీజుకు బదులుగా జెర్సీ, భోజనం అందుతాయి. విరాళం వేరు. అది విరాళాలకు పన్ను మినహాయింపు అనుమతి (80జి) ఉన్న సంస్థకు నేరుగా చేరాలి. 2,000 రూపాయలు మించిన నగదుకు మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే వర్తించదు. మన చేతికి నగదు ఇవ్వబోతే తీసుకోకుండా సంస్థ ఖాతా నంబరే ఇవ్వండి. మినహాయింపు కోసం సంస్థ ఇచ్చే ధ్రువపత్రానికి పాన్ నంబరు కావాలి, విరాళం ఇచ్చిన రోజే దాతను అడిగి రాసిపెట్టుకోండి.