తోటలో తాబేలు వయసెంత?

చిరంజీవులకు తాత దీవెనలు.

చంద్రగిరి మామిడి తోటలో వానకు బయటికొచ్చిన తాబేలు ఫోటో పంపి, దీని వయసెంత అని అడిగారు. డిప్ప మీది గీతలు లెక్కపెడితే నలభై వచ్చాయని కూడా రాశారు. ఆ లెక్కను నమ్మలేం.

ఫోటో పెద్దది చేసి చూడండి. నల్లటి డిప్ప మీద ఒక్కో పలక నడుమ నుంచి పసుపు చారలు చుక్కలా విచ్చుకుంటాయి. అందుకే దాన్ని నక్షత్ర తాబేలు అంటారు. పలక నడిమి ముక్క అది గుడ్డులోంచి బయటపడిన నాటిది. చుట్టూ ఉన్న గీతలన్నీ తర్వాత పెరిగినవి. అయితే ఏడాదికి ఒక గీత అనే నియమమేమీ లేదు. మేత బాగా దొరికిన ఏడాది రెండు మూడు పడొచ్చు, కరువు ఏడాది ఒక్కటీ కనిపించకపోవచ్చు. ముసలిదయ్యేసరికి రాళ్లకూ పొదలకూ రాసుకుని గీతలే అరిగిపోతాయి.

మరి ఫలానా తాబేలు రెండొందల ఏళ్లు బతికిందని ఎలా చెబుతారు? ఎవరో ఒకరు ఎప్పుడో రాసి పెట్టబట్టే. కోల్‌కతా అలీపూర్ జూలో అద్వైత అనే పెద్ద తాబేలు 2006లో చనిపోయింది. వయసు 250 దాకా ఉంటుందనీ, ఒకప్పుడు రాబర్ట్ క్లైవ్ పెంచుకున్నదనీ చెప్పుకున్నారు. మన చిత్తూరుకు దగ్గర్లోని ఆర్కాటు కోటను 1751లో పట్టుకున్న క్లైవే. కథ భలేగా ఉంది గానీ, గట్టి ఆధారం లేదు.

నాకు జోనాథన్ లెక్కే నచ్చుతుంది. అట్లాంటిక్ సముద్రంలోని సెయింట్ హెలెనా దీవికి దాన్ని 1882లో సీషెల్స్ నుంచి తెచ్చారు. అప్పటికే పూర్తిగా పెరిగిన తాబేలు. ఆ జాతి అంత కావాలంటే కనీసం యాభై ఏళ్లు పడుతుంది కాబట్టి 1832లో పుట్టి ఉంటుందని లెక్కగట్టారు. అంతకంటే ముందే పుట్టిందేమో కూడా. 2022లో దానికి 190 ఏళ్లని గిన్నిస్ వాళ్లు రికార్డు ఇచ్చారు. కళ్లకు శుక్లాలు వచ్చాయి, వాసన తెలియదు, అందుకని పళ్లూ కూరగాయలూ చేత్తో తినిపిస్తూ వచ్చారు. 2022 దాకా రికార్డు టోంగా దీవుల్లోని తుయి మలీలా అనే తాబేలుది, 188 ఏళ్లు. అది 1960లలో చనిపోయింది.

అన్ని తాబేళ్లూ ఇలా వందలేళ్లు బతకవు. అద్వైత, జోనాథన్ దీవుల్లో పుట్టిన భారీ జాతులవి. మన నక్షత్ర తాబేలు మంచి సంరక్షణలో కొన్ని దశాబ్దాలు బతుకుతుంది, అదే చాలా ఎక్కువ.

తాబేలు నిమిషానికి తక్కువ సార్లు ఊపిరి పీలుస్తుంది కాబట్టే అన్నేళ్లు బతుకుతుందని అవ్వ అంటుంది కదా. అదొక్కటే కారణం కాదు. ఒళ్లు వేడిగా ఉంచుకోవడానికి మనలా తిండి ఖర్చు చేసే పని దానికి లేదు, అది నిజమే. అసలు సంగతి డిప్పలో ఉంది. గుడ్లనూ పిల్లలనూ ముంగిసలు, కుక్కలు, కాకులు బతకనివ్వవు. డిప్ప గట్టిపడ్డాక మాత్రం దాని జోలికి వెళ్లేవి తక్కువ. పెద్దయ్యాక చావు భయం తక్కువున్న జాతికి ఒళ్లు నిదానంగా ముసలిదైతేనే లాభం, ఏటేటా గుడ్లు పెడుతూ పోవచ్చు. జూల్లోని 52 తాబేళ్ల జాతుల లెక్కలు చూసిన ఒక పరిశోధన 2022లో వచ్చింది. వాటిలో దాదాపు ముప్పావు వంతు జాతులకు ముసలితనం చాలా మెల్లగా వస్తుంది, లేదా వచ్చినట్టే కనిపించదు. అలాగని చావు లేదని కాదు, జబ్బులూ లారీ చక్రాలూ ఉండనే ఉన్నాయి.

ఇంట్లో పెంచుకుంటే అదృష్టమని ఎవరైనా చెబితే వినొద్దు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నక్షత్ర తాబేలును పట్టుకోవడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఎవరి దగ్గరైనా కనిపిస్తే అటవీ శాఖ వాళ్లకు చెప్పండి.

ఆ ఫోటో మాత్రం చెరిపేయకండి. వెనక తేదీ, తోట పేరు రాసి పెట్టండి. ఏ రెండు తాబేళ్ల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి వచ్చే వానల్లో మళ్లీ కనబడితే అదో కాదో పోల్చుకోవచ్చు. అప్పుడు కూడా దూరం నుంచే ఫోటో తీయండి, ఎత్తి తిప్పకండి.

మీ తాత
తిరుపతి