ఏడో ముక్కలో ఆరో అక్షరం

పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది. ఏడుస్తుంది, పాలు తాగుతుంది, కాళ్లు ఆడిస్తుంది. రెండో నెలలోనో మూడో నెలలోనో కాళ్ల కదలిక తగ్గిందని తల్లి కంట పడుతుంది. పడుకోబెడితే తొడలు రెండూ పక్కలకు వాలిపోతాయి. ఎత్తుకుంటే మెడ నిలవదు. ఊపిరి పీల్చినప్పుడు పొట్ట పైకి లేస్తుంది, ఛాతీ మాత్రం లోపలికి పోతుంది. పక్కటెముకల మధ్య కండరాలు అప్పటికే చేతులెత్తేశాయి, ఊపిరి భారమంతా పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే పొర మీదే పడింది. నాలుక మీద సన్నటి వణుకు. ముఖం చూస్తే మాత్రం ఏ లోటూ కనిపించదు. కళ్లు గదిలో ఉన్న ప్రతి మనిషినీ వెంబడిస్తుంటాయి, పలకరిస్తే నవ్వుతుంది. ఒళ్లు ఇంత మెత్తబడి, చూపు అంత చురుగ్గా ఉండటం చూడగానే అనుభవమున్న పిల్లల డాక్టరుకు అనుమానం వచ్చేస్తుంది.

ఈ జబ్బు స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ. డాక్టర్లూ తల్లిదండ్రులూ కూడా ఎస్‌ఎంఏ అనే అంటారు. కరిగిపోయేవి కండరాలే గానీ మూలం అక్కడ లేదు, వెన్నుపాములో ఉంది. మెదడు ఇచ్చిన ఆజ్ఞను కండరం దాకా తీసుకెళ్లే మోటార్ న్యూరాన్లు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. ఆజ్ఞ అందని కండరం క్షీణిస్తుంది. సుమారు పది వేల కాన్పుల్లో ఒక బిడ్డకు వస్తుంది. 40 నుంచి 60 మందిలో ఒకరు తమకు తెలియకుండానే ఈ లోపాన్ని మోస్తుంటారు. అలాంటి ఇద్దరికి పిల్లలు పుడితే, ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

తీవ్రత అందరిలో ఒకలా ఉండదు. ఆరు నెలల లోపే బయటపడే టైప్ 1లో, చికిత్స లేకపోతే, చాలామంది రెండేళ్ల లోపే చనిపోతారు, లేదా పూర్తిగా వెంటిలేటర్ మీద ఆధారపడతారు. టైప్ 2 పిల్లలు కూర్చోగలరు, సొంతంగా నడవలేరు. టైప్ 3 వాళ్లు నడుస్తారు, కొందరిలో ఆ నడక కొన్నేళ్లకు పోతుంది.

1890లలో ఆస్ట్రియాలో వెర్డ్నిగ్, జర్మనీలో హాఫ్‌మన్ అనే వైద్యులు ఈ జబ్బును వర్ణించారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా దీనికి మందంటూ లేదు. అయితే మందు లేదు కదా అని ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. ముక్కుకు మాస్కు పెట్టి గాలి అందించే యంత్రాలు, దగ్గలేని బిడ్డ చేత దగ్గించి కఫం తీసే యంత్రాలు, పొట్టలోకి నేరుగా పాలు పంపే గొట్టాలు వచ్చాయి. 1980-94 మధ్య పుట్టిన టైప్ 1 పిల్లలనూ 1995-2006 మధ్య పుట్టినవాళ్లనూ పోల్చిన అధ్యయనం 2007లో అచ్చయింది. రెండో బృందం స్పష్టంగా ఎక్కువ కాలం బతికింది. అప్పటికి ఒక్క మందు కూడా మార్కెట్లో లేదు. ఎస్‌ఎంఏ గురించి ఇవాళ వచ్చే వార్తల్లో ఈ సంగతి కనిపించదు. నర్సులూ ఫిజియోథెరపిస్టులూ ఇళ్లలో అమ్మానాన్నలూ సాధించిన ఆ పెరుగుదల నా దృష్టిలో ఏ సూదిమందుకూ తీసిపోదు.

1995లో పారిస్‌లో జూడిత్ మెల్కీ బృందం ఈ జబ్బుకు కారణమైన జన్యువును పట్టుకుంది. అయిదో క్రోమోజోమ్ మీద ఉండే ఎస్‌ఎంఎన్1 అనే జన్యువు అది. మోటార్ న్యూరాన్లు బతకడానికి అవసరమైన ప్రోటీన్ దీని నుంచే తయారవుతుంది. రోగుల్లో నూటికి 95 మందికి తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతుల్లోనూ ఆ జన్యువు ముక్క లేనే లేదు. అసలు తిరకాసు ఆ పక్కనే ఉంది. అదే క్రోమోజోమ్ మీద దాదాపు అచ్చుగుద్దినట్టు అలాంటిదే ఇంకో జన్యువు ఉంది, ఎస్‌ఎంఎన్2. మనుషుల్లో తప్ప వేరే జంతువుల్లో ఇది లేదు. ఒకటి పోతే రెండోది ఆదుకోవాలి కదా? ఆదుకుంటుంది, గాలి సరిగ్గా లేని స్టెప్నీలా.

ఎందుకలా అన్నది తేల్చడానికి మరో నాలుగేళ్లు పట్టింది. జన్యువు నుంచి ప్రోటీన్ నేరుగా పుట్టదు. ముందు ఆర్‌ఎన్‌ఏ రూపంలో పొడుగాటి నకలు తయారవుతుంది. అందులో ప్రోటీన్‌కు పనికొచ్చే ముక్కలు ఎక్సాన్లు, వాటి మధ్య పనికిరాని ముక్కలు ఇంట్రాన్లు. కణం ఇంట్రాన్లను కత్తిరించి పారేసి, ఎక్సాన్లను వరుసగా అతికిస్తుంది. జన్యు సందేశం ఎ, సి, జి, టి అనే నాలుగు రసాయన అక్షరాల్లో రాసి ఉంటుంది. రెండు జన్యువుల ఏడో ఎక్సాన్‌లో ఆరో అక్షరం దగ్గర తేడా ఉంది. ఎస్‌ఎంఎన్1లో సి, ఎస్‌ఎంఎన్2లో టి. విచిత్రమేమిటంటే, ఈ అక్షరం మారినా ప్రోటీన్‌ను కట్టే ఇటుక, అంటే అమైనో ఆమ్లం, మారదు. ఆ లెక్కన దీనివల్ల ఏ నష్టమూ ఉండకూడదు. కానీ ఎక్కడ కత్తిరించాలో, దేన్ని ఉంచాలో కణానికి చెప్పే గుర్తు కూడా అక్కడే ఉంది. ఆ గుర్తు చెరిగిపోవడంతో కణం ఏడో ఎక్సాన్‌ను కూడా పనికిరాని ముక్క కిందే లెక్కగట్టి చాలాసార్లు పారేస్తుంది. అలా తయారైన ప్రోటీన్ నిలబడదు, త్వరగా విరిగిపోతుంది. ఎస్‌ఎంఎన్2 నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏలో పూర్తి నిడివి ఉండేది పదో వంతు మాత్రమే.

ఆ పదో వంతే టైప్ 2, టైప్ 3 వాళ్లను కాపాడుతోంది. ఎస్‌ఎంఎన్2 ప్రతులు ఎన్ని ఉంటాయన్నది మనిషి మనిషికీ మారుతుంది. టైప్ 1 పిల్లల్లో ఎక్కువమందికి రెండు, టైప్ 2 వాళ్లకు మూడు, టైప్ 3 వాళ్లకు మూడో నాలుగో ఉంటాయి. అంటే కొంచెం ప్రోటీన్ ఎక్కువైతే చాలు, బతుకు మారిపోతుంది. లేని జన్యువును ఎక్కణ్నుంచో తేవడం కంటే ఉన్న జన్యువు చేత సరిగ్గా పని చేయించడం సులువేమో అన్న ఆలోచన ఇక్కడే మొలిచింది.

కణం ఏడో ఎక్సాన్‌ను ఎందుకు వదిలేస్తోందో వెతుకుతూ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో రవీంద్ర సింగ్ బృందం ఆ తర్వాతి ఇంట్రాన్‌లో ఒక చిన్న భాగాన్ని గుర్తించి 2006లో ప్రకటించింది. ఏడో ఎక్సాన్‌ను చేరనివ్వకుండా అడ్డుపడుతున్నది అదే. దాన్ని కప్పేస్తే ఎస్‌ఎంఎన్2 కూడా పూర్తి ప్రోటీన్ ఇస్తుంది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో ఏడ్రియన్ క్రైనర్, అయోనిస్ కంపెనీలో ఫ్రాంక్ బెన్నెట్ బృందాలు కలిసి, సరిగ్గా ఆ చోట అతుక్కునే 18 అక్షరాల కృత్రిమ పోగును తయారు చేశాయి. దానిపేరు నుసినర్సెన్. ఎలుకలకు ఎస్‌ఎంఎన్2 లేదు కాబట్టి పరీక్షలకు ముందుగా మనిషి జన్యువును మోసే ఎలుకలను పుట్టించుకోవాల్సి వచ్చింది. ఇలాంటి తెర వెనుక పనికి ఏళ్లు పట్టినా దాని గురించి ఎవరూ మాట్లాడరు.

రక్తంలోకి ఎక్కిస్తే ఈ మందు మెదడునూ వెన్నుపామునూ చేరదు. అందుకే నడుము దగ్గర వెన్నుపూసల మధ్య నుంచి సూది దించి, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కిస్తారు. మొదటి రెండు నెలల్లో నాలుగు మోతాదులు, ఆపైన నాలుగు నెలలకోసారి, జీవితాంతం. టైప్ 1 శిశువుల మీద జరిపిన పెద్ద ట్రయల్‌లో మూడింట ఒక వంతు పిల్లలకు మందు ఇవ్వలేదు. నడుము మీద చిన్నగా సూది గుచ్చి కట్టు కట్టారు, అంతే. ఎవరికి అసలు మందు అందిందో తల్లిదండ్రులకు తెలియదు. వినడానికి కఠినంగా ఉంటుంది. అయినా అలా పోల్చి చూడకపోతే, మందు పనిచేసిందో మంచి సంరక్షణ పనిచేసిందో తేలేది కాదు. మధ్యంతర ఫలితాలు చూడగానే 2016లో ట్రయల్‌ను ముందే ఆపేసి పిల్లలందరికీ మందు అందేలా చేశారు. తుది లెక్కల్లో మందు పొందిన పిల్లల్లో 51 శాతం మంది తల నిలపడం, పొర్లడం, కూర్చోవడం వంటి మైలురాళ్లలో ముందుకెళ్లారు. మందు అందని పిల్లల్లో ఆ స్థాయికి చేరినవాళ్లు ఒక్కరూ లేరు. 2016 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది.

మరి మిగతా 49 శాతం మాటేమిటి? మందు అదే, మోతాదు అదే. కారణాల్లో ముఖ్యమైనది ఆ లెక్కల్లోనే దొరికింది. లక్షణాలు మొదలై ఎక్కువ వారాలు గడవకుండానే మందు అందిన పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. చచ్చిపోయిన మోటార్ న్యూరాన్ మళ్లీ పుట్టదు. మందు కాపాడేది ఇంకా మిగిలి ఉన్నవాటినే. తల్లి అనుమానపడి, ఇద్దరు ముగ్గురు డాక్టర్లను తిరిగి, 'కొందరు పిల్లలకు కొంచెం ఆలస్యమవుతుందిలెండి' అన్న మాట విని, చివరికి పరీక్ష చేయించేసరికి ఎన్నో న్యూరాన్లు పోయి ఉంటాయి.

దాంతో పరిశోధన కాలంలో వెనక్కి నడవడం మొదలుపెట్టింది. జన్యు పరీక్షలో జబ్బు తేలి, లక్షణాలు ఇంకా కనిపించని 25 మంది శిశువులకు ఆరు వారాల లోపే నుసినర్సెన్ మొదలుపెట్టారు. 2019లో వెలువడిన ఫలితాల్లో అందరూ బతికే ఉన్నారు, ఎవరికీ శాశ్వత వెంటిలేటర్ అక్కర్లేదు, అందరూ ఆసరా లేకుండా కూర్చున్నారు. 22 మంది సొంతంగా నడిచారు. చికిత్స లేకపోతే వాళ్లలో చాలామందికి కూర్చోవడమే కష్టమయ్యేది.

ఈలోగా ఇంకో రెండు దారులు తెరుచుకున్నాయి. ఒకటి జన్యు చికిత్స. హాని చేయని ఏఏవీ9 అనే వైరస్ లోపలి సరుకు తీసేసి, దాని స్థానంలో పనిచేసే ఎస్‌ఎంఎన్ జన్యువును పెట్టి, ఒకే ఒక్కసారి రక్తనాళం ద్వారా ఎక్కిస్తారు. 2019లో అమెరికాలో రెండేళ్ల లోపు పిల్లలకు అనుమతించారు. మోటార్ న్యూరాన్లు విభజన చెందవు కాబట్టి చేరిన జన్యువు అక్కడే ఉండిపోతుంది. కాలేయం మీద ఒత్తిడి పడుతుంది, అందుకని కొన్ని వారాలు స్టెరాయిడ్లు వాడుతూ రక్తపరీక్షలు చేయిస్తుండాలి. ఒకసారి ఇచ్చాక శరీరం ఆ వైరస్‌ను గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి ఇవ్వడం కుదరదు. రెండోది రిస్‌డిప్లామ్, 2020లో వచ్చింది. నుసినర్సెన్ చేసే పనే ఇదీ చేస్తుంది, రోజూ నోటితో తాగే సిరప్‌గా. ఇది మెదడుకూ వెన్నుపాముకూ చేరగలదు కాబట్టి నడుములో సూది బాధ లేదు.

మూడు మందులున్నాయి సరే, లక్షణాలు రాకముందే బిడ్డను కనిపెట్టేదెలా? పుట్టిన ఒకటి రెండు రోజుల్లో మడమ మీద గుచ్చి, రక్తపు చుక్కను కాగితం మీద ఆరబెట్టి ల్యాబుకు పంపడం చాలా దేశాల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. అదే చుక్కలో ఎస్‌ఎంఎన్1 ఏడో ఎక్సాన్ ఉందో లేదో చూడొచ్చు. 2018లో అమెరికా తన సిఫారసు జాబితాలో ఎస్‌ఎంఏను చేర్చింది. జన్యువు ఉండి, అందులో వేరే చిన్న మార్పు ఉన్న కొద్దిమంది ఈ పరీక్షకు చిక్కరు. కొత్త మందు మీద పెట్టే ఖర్చులో చిన్న భాగం ఈ చుక్కల మీద పెట్టినా దక్కే ఫలం ఎక్కువని నా అభిప్రాయం. మడమ పరీక్ష లేని చోట ఎంత గొప్ప మందయినా ఆలస్యంగానే చేరుతుంది.

ఇంకా వెనక్కి వెళ్లారు. 2025లో అచ్చయిన ఒక కేసులో, అంతకుముందే ఈ జబ్బుతో ఒక బిడ్డను పోగొట్టుకున్న కుటుంబంలో తల్లి గర్భం చివరి ఆరు వారాలు రిస్‌డిప్లామ్ తీసుకుంది. బిడ్డ పుట్టాక వారం రోజులకు నేరుగా మందు మొదలుపెట్టారు. రెండున్నరేళ్ల వయసుకు ఆ బిడ్డలో ఎస్‌ఎంఏ లక్షణాలేవీ లేవు. కంటి నాడి ఎదుగుదలలో లోపం, ఎదుగుదలలో ఆలస్యం మాత్రం కనిపించాయి. అవి గర్భంలో మందు మొదలుపెట్టక ముందే ఏర్పడి ఉంటాయని వైద్యులు భావించారు. ఒక్క బిడ్డతో ఏదీ రుజువు కాదు. దారి ఒకటి ఉందని మాత్రం తెలుస్తుంది.

అయితే వెనక్కి నడవడం కుదరనివాళ్లున్నారు. మందులు వచ్చేనాటికే ముప్పయ్యో నలభయ్యో ఏళ్లు నిండినవాళ్లు. 'ఎస్‌ఎంఏ జయించబడింది' అని రాసేవాళ్లకు వీళ్లు గుర్తుకురారు. జర్మనీలో పెద్దవాళ్లకు నుసినర్సెన్ ఇచ్చి చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. 66 మార్కుల చలన పరీక్షలో 14 నెలలకు సగటున మూడు మార్కులు పెరిగాయి. కాగితం మీద ఇది చిన్న అంకె. కానీ ఆ పరీక్షలో చూసేది కూర్చోవడం, పొర్లడం, నిలబడటం, మెట్లెక్కడం వంటివి. చక్రాల కుర్చీని నడిపే చిన్న కర్రను బొటనవేలితో సాయంత్రం దాకా తిప్పగలుగుతున్నారా, ముద్ద నోటిదాకా వెళ్తోందా, ఫోను మీద ఎవరి సాయం లేకుండా టైపు చేయగలుగుతున్నారా అన్నది అందులో లేదు. ఒక వేలి కదలిక పోతే కొందరికి ఉద్యోగమే పోతుంది. ఈ లోటు గుర్తించాకే చేతుల పనితనాన్నీ అలసటనూ విడిగా కొలిచే పరీక్షలు ట్రయల్స్‌లో చోటు సంపాదించుకుంటున్నాయి.

మందు పొందిన పిల్లల కథా ముగిసిపోలేదు. లక్షణాలు వచ్చాక చికిత్స మొదలైన టైప్ 1 పిల్లలు ఇప్పుడు కూర్చుంటున్నారు. కూర్చున్న వెన్నును నిలబెట్టే కండరాలు బలహీనంగా ఉండటంతో అది వంకర తిరుగుతోంది. మింగడం, మాట్లాడటం కొందరికి కష్టంగానే ఉంది. రెండేళ్లు దాటరనుకున్న పిల్లలు బడికి వెళ్తుంటే వాళ్లకు వెన్ను ఆపరేషన్ ఎప్పుడు చేయాలి, ఎదిగే ఎముకలతో పాటు పొడిగించగలిగే కడ్డీలు వెయ్యాలా వద్దా అన్న ప్రశ్నలు ఎముకల డాక్టర్ల ముందుకొచ్చాయి. పాత పుస్తకాల్లో వీటికి జవాబుల్లేవు, ఎందుకంటే ఆ పుస్తకాల్లో ఈ పిల్లలు ఇంత వయసుకు చేరలేదు.

ఐరోపాలో టైప్ 2, టైప్ 3 జబ్బుతో జీవిస్తున్నవాళ్లను మందు నుంచి ఏం కోరుకుంటున్నారని అడిగిన సర్వే ఒకటి 2017లో అచ్చయింది. జబ్బు ఇక ముదరకుండా ఇప్పుడున్న చోటే ఆగితే, అదే తమకు పురోగతి అని దాదాపు అందరూ చెప్పారు. ట్రయల్స్ రూపొందించేవాళ్లు అప్పటిదాకా పెరిగిన మార్కుల కోసమే చూస్తున్నారు.